దేశదేశాలలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు

ఇంగ్లీషులో 'ఓపెన్ యూనివర్సిటీ' అని పిలిచే విద్యాసంస్థకు మన భాషలలో ఒకే పేరు స్థిరపడలేదు. హిందీలోను, మరాఠీలోను, కన్నడంలోను దానిని 'ముక్త' అనే విశేషణంతో వ్యవహరిస్తున్నారు. బంగ్లాదేశ్‌వారు 'ఉన్ముక్త' అన్నారు. తమిళులు 'తిరందనిలై', అనగా తెరచి ఉన్న స్థితి, అన్నారు. తెలుగులో మాత్రం 'సార్వత్రిక' అనే మాట నిలిచింది. 'ముక్త' అన్నప్పుడు ఏదో బంధనం నుంచి విడుదల పొందిన విద్య అనే భావం స్ఫురిస్తుంది. 'సార్వత్రిక' అన్నప్పుడు అన్ని చోట్లా లభించే విద్య అనే అర్థం వస్తుంది. మొదటిది నియమాన్ని గురించిన మాట. రెండవది స్థలాన్ని గురించిన మాట. ఇక హిందీలోని 'దూరస్థ శిక్షా' అనే పదబంధాన్ని ఉన్నదున్నట్లు తెలుగులోకి దించితే చదువు కాస్తా దండనగా మారిపోతుంది. ఆ ప్రమాదాన్ని తప్పించుకొనడానికే కాబోలు, మనవారు 'దూరవిద్య' అన్నారు.

ఈ పేర్ల భేదం మన దేశానికే పరిమితం కాదు. జర్మనీలోని హాగెన్ నగర విశ్వవిద్యాలయం తన పేరులో 'ఫెర్న్', అనగా దూరం, అనే మాటను పెట్టుకొన్నది. స్పెయిన్ జాతీయ విశ్వవిద్యాలయం కూడా దూరాన్నే పేర్కొన్నది. జపాన్‌వారు 'ప్రసార విశ్వవిద్యాలయం' అన్నారు. చైనా సంస్థ 2012 వరకు 'రేడియో, టెలివిజన్ విశ్వవిద్యాలయం' అనే పేరుతోనే నడిచింది. ఇండోనేషియావారి 'తెర్బుకా' అనే మాటకు తెరచినది అని అర్థం. రష్యన్ భాషలో ఈ విద్యా విధానాన్ని 'జావోచ్‌నోయె' అంటారు. కంటికి ఎదురుగా లేకుండా సాగేది అని ఆ మాట వ్యుత్పత్తి.

ఒక్కొక్క సమాజం తన దారిలో ఏ అడ్డంకి ఉన్నదని భావించిందో, దానిని తొలగించడానికి ఏ సాధనాన్ని నమ్ముకొన్నదో ఈ పేర్లు కొంతవరకు తెలియజేస్తున్నాయి. ఉన్నత విద్యకు ఆటంకాలు అనేకం. కొందరికి కింది తరగతి సర్టిఫికెట్టు లేదు. కొందరికి కళాశాల వందల మైళ్ల దూరంలో ఉన్నది. ఉద్యోగం మానుకొనలేనివారు ఉన్నారు, ఇల్లు దాటి పోలేని స్త్రీలు ఉన్నారు. మార్కులు ఉన్నా సీటు దొరకనివారు ఉన్నారు. వీటిలో దేనిని తొలగించాలని ఒక దేశం సంకల్పించిందో దానిని బట్టి అక్కడి ప్రవేశ నియమాలు, ఫీజులు, బోధన పద్ధతి ఏర్పడ్డాయి. కాబట్టి 'సార్వత్రికం' అనే ముద్ర చూసి ఆ సంస్థలన్నీ ఒకే మూసలో పోసినవని అనుకొనరాదు.

దూరవిద్య, సార్వత్రిక విద్య అనే రెండు మాటలను మనం తరచుగా కలిపి వాడుతున్నాము. నిజానికి మొదటిది బోధన పద్ధతి, రెండవది విధానం. ఒకటి లేకుండా మరొకటి ఉండవచ్చు. థాయిలాండ్‌లో 1971లో ఏర్పడిన రామ్‌ఖమ్‌హేంగ్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష లేకుండా విద్యార్థులను చేర్చుకొన్నది. కాని దానికి బ్యాంకాక్‌లో విశాలమైన ప్రాంగణం ఉన్నది, తరగతులు ఉన్నాయి. అది సార్వత్రికమే గాని కేవల దూరవిద్య కాదు. 1974లో స్థాపితమై మరుసటి ఏడు పాఠాలు ప్రారంభించిన హాగెన్ విశ్వవిద్యాలయం ఇందుకు విలోమం. పాఠాలన్నీ తపాలాలో ఇంటికే వచ్చేవి. కాని డిగ్రీలో చేరవలెనంటే తక్కిన జర్మన్ విశ్వవిద్యాలయాలలో వలెనే పాఠశాల తుది పరీక్ష అయిన 'అబితూర్' ఉండవలసి వచ్చేది. వృత్తి విద్య, ఉద్యోగానుభవం ఉన్నవారికి దారులు తరువాత ఏర్పడ్డాయి.

పాఠం చెప్పని విశ్వవిద్యాలయం

ఈ చరిత్రను సాధారణంగా 1858 నుంచి ఆరంభిస్తారు. 1836లో రాజశాసనం పొందిన లండన్ విశ్వవిద్యాలయం అప్పటివరకు అనుబంధ కళాశాలలలో చదివినవారికే పరీక్షలు పెట్టేది. 1858 నాటి కొత్త శాసనం ఆ నిబంధనను ఎత్తివేసింది. ఎక్కడ చదివినా, ఎట్లా చదివినా, ఫీజు కట్టి పరీక్షలో ఉత్తీర్ణుడైతే పట్టా ఇచ్చేవారు. 1878లో స్త్రీలకు కూడా డిగ్రీ పరీక్షలను తెరిచారు. బ్రిటన్‌లో ఆ పని చేసిన మొదటి విశ్వవిద్యాలయం అదే.

అయితే లండన్ విశ్వవిద్యాలయం ఈ బయటి అభ్యర్థులకు పాఠం చెప్పలేదు. పరీక్ష మాత్రమే పెట్టింది. ఆ ఖాళీని వ్యాపారులు నింపారు. విలియం బ్రిగ్స్ నడిపిన 'యూనివర్సిటీ కరస్పాండెన్స్ కాలేజీ' అటువంటి సంస్థలలో పేరుపొందినది. రచయిత హెచ్. జి. వెల్స్ కొంతకాలం అక్కడ అధ్యాపకుడుగా పనిచేశాడు. మన దేశంలో 'ప్రైవేటుగా కట్టి' పరీక్ష రాయడం అనే అలవాటు ఈ పద్ధతికి దగ్గరి చుట్టమే. చైనా 1981లో ఆరంభించిన స్వయంకృషి పరీక్షలు కూడా ఇదే కోవలోనివి. అక్కడ బోధన అభ్యర్థి బాధ్యత. పరీక్షించి పట్టం కట్టడం ప్రభుత్వ బాధ్యత.

తలుపు తీసినంత మాత్రాన చదువు చెప్పినట్లు కాదు. ఈ సంగతిని గ్రహించి కార్యరూపంలో పెట్టినది బ్రిటిష్ ఓపెన్ యూనివర్సిటీ. అందుచేతనే దానికి అంత ఖ్యాతి వచ్చింది.

1963 సెప్టెంబరు 8న గ్లాస్గోలో చేసిన ప్రసంగంలో హెరాల్డ్ విల్సన్ 'గాలిలో విశ్వవిద్యాలయం' అనే భావనను ప్రకటించాడు. మరుసటి ఏడు ఆయన ప్రధానమంత్రి అయ్యాడు. ఆ భావనను సంస్థగా మలచే పని స్కాట్లండు బొగ్గుగని కార్మికుని కుమార్తె జెన్నీ లీకి అప్పగించబడింది. నిరాకరించినవారు, పరిహసించినవారు తక్కువేమీ కాదు. టెలివిజన్ చూసి డిగ్రీ పొందుతారా అని ఎగతాళి చేశారు. ఆమె మాత్రం ఒక్క విషయంలో రాజీపడలేదు. ఇది రెండవ తరగతి పట్టా ఇచ్చే సంస్థ కారాదు. పట్టా విలువ తక్కిన విశ్వవిద్యాలయాలతో సమానం కావలె. 1969లో రాజశాసనం లభించింది. వాల్టర్ పెర్రీ మొదటి ఉపకులపతి. 1971 జనవరిలో సుమారు 24 వేల మందితో చదువులు మొదలైనాయి. ఎటువంటి పూర్వ పరీక్షా అవసరం లేదు.

ప్రవేశాన్ని ఇంత సులభం చేసినవారు బోధనను అంత శ్రద్ధగా కట్టుదిట్టం చేశారు. ఒక్క ఆచార్యుడు కూర్చొని పాఠ్యగ్రంథం రాయడం అక్కడ లేదు. విషయ నిపుణులు, సంపాదకులు, బీబీసీ నిర్మాతలు కలిసి ఒక బృందంగా ఒక్కొక్క కోర్సును తయారుచేసేవారు. విద్యార్థి పంపిన వ్యాసానికి ట్యూటరు మార్కులతో సరిపెట్టక, ఎక్కడ తప్పటడుగు పడిందో విపులంగా రాసి పంపేవాడు. వేసవిలో ఒక వారం ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అందరూ కలిసి చదివేవారు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ప్రయోగ సామగ్రి పెట్టె ఇంటికే వచ్చేది. అందులో చేతిలో ఇమిడే ప్లాస్టిక్ సూక్ష్మదర్శిని కూడా ఉండేది. వంటగది బల్లమీద రసాయనిక ప్రయోగాలు జరిగిన కాలమది.

టెలివిజన్ పాత్రను గురించి మనకు కొంత అతిశయోక్తి అలవాటైంది. తెల్లవారుజామున, అర్ధరాత్రి వచ్చిన ఆ బీబీసీ పాఠాలు ప్రజలలో విశ్వవిద్యాలయానికి పేరు తెచ్చిన మాట నిజమే. కాని బోధన భారాన్ని మోసినవి అచ్చు పుస్తకమూ, ట్యూటరు ఉత్తరమూ. కోర్సులకు సంబంధించిన టెలివిజన్ ప్రసారాలు 2006 డిసెంబరులో ముగిసినాయి. విశ్వవిద్యాలయం మాత్రం ఆగలేదు. దానికి పెద్ద దెబ్బ వేరొక వైపు నుంచి తగిలింది. 2012లో ఇంగ్లండులో ప్రభుత్వ గ్రాంటు తగ్గి ఫీజులు బాగా పెరిగినాయి. దేశమంతటా ఉద్యోగం చేస్తూ చదివేవారి సంఖ్య పడిపోయింది. తలుపు తెరిచే ఉన్నది. గడప ఎత్తు పెరిగింది.

ఒకే గది లేని చదువు

ఆస్ట్రేలియాలో సమస్య సర్టిఫికెట్టు కాదు, భూగోళం. రాజధాని నగరాలకు వందల మైళ్ల దూరంలో గొర్రెల పెంపకం కేంద్రాలలోను, చిన్న పాఠశాలలలోను పనిచేసేవారికి చదువు అందించవలసి వచ్చింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 1911లోనే తపాలా విద్యను ప్రారంభించింది. న్యూ సౌత్ వేల్స్‌లోని ఆర్మిడేల్ పట్టణంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం 1955లో ఆరంభించిన పద్ధతి మరింత ప్రసిద్ధమైంది. తరగతి గదిలో పాఠం చెప్పే ఆచార్యుడే దూరంలోని విద్యార్థికీ పాఠాలు పంపాలి, ఆయనే వారి వ్యాసాలు దిద్దాలి. ఇద్దరికీ పరీక్ష ఒకటే, పట్టా ఒకటే. దూర విద్యార్థులు సెలవులలో కొన్ని రోజులు ప్రాంగణానికి వచ్చి ఉండాలి. ఒకే శాఖ రెండు విధాలా బోధించే ఈ ఏర్పాటు ఉన్నప్పుడు, పట్టా మీద చిన్నచూపు పుట్టడానికి ఆస్కారం తక్కువ.

దక్షిణాఫ్రికా కథ వేరు. అది ఆలోచింపజేసే కథ కూడా. 1873లో పరీక్షలు పెట్టే సంస్థగా పుట్టి, 1916లో 'దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం' అనే పేరు పొందిన సంస్థ 1946 నుంచి తపాలా బోధనకు పూనుకొన్నది. జాతి వివక్ష ప్రభుత్వం 1959లో చేసిన చట్టం నల్లజాతి విద్యార్థులను తెల్లవారి విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక అనుమతి లేకుండా చేరనీయలేదు. ఈ తపాలా విశ్వవిద్యాలయానికి మాత్రం ఆ అడ్డు రాలేదు. కారణం ఔదార్యమని నేననుకొనను. ఇక్కడ తరగతి గది లేదు, పక్క బెంచీ లేదు. ఎవరి ఇంట్లో వారు చదువుకొనేవారు. మనుషులను కలవనీయని రాజ్యానికి, కలవనవసరం లేని చదువు ఇబ్బంది కలిగించలేదు. అయినా ఆ సందు గుండానే వేలాది నల్లవారు పట్టభద్రులైనారు. రాబెన్ ద్వీపపు కారాగారంలో రాజకీయ ఖైదీలు ఇక్కడి పాఠాలు చదివారు. నెల్సన్ మండేలా జైలులో ఉండి లండన్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పరీక్షలకు చదివాడు; చివరకు 1989లో, విడుదలకు కొన్ని నెలల ముందు, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచే న్యాయశాస్త్ర పట్టా పొందాడు. దూరవిద్య వివక్షతో సర్దుకొని బతకగలదు, వివక్షకు సొరంగమూ తవ్వగలదు. రెండూ అక్కడే జరిగినాయి.

ఫసిఫిక్ దీవుల సంగతి ఇందుకు భిన్నం. అక్కడ చిన్న చిన్న దేశాలు 12 కలిసి ఒక్క విశ్వవిద్యాలయాన్ని పోషిస్తున్నాయి. 1968లో ఫిజీ రాజధాని సువాలో ఏర్పడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం సముద్రాల మీదుగా, ఉపగ్రహాల సహాయంతో దీవి దీవికీ పాఠాలు చేరవేస్తున్నది. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయం పెట్టుకొనేంత జనాభా లేనిచోట దూరవిద్య అనేక దేశాల ఉమ్మడి ఆస్తి అయింది.

కర్మాగారంలో తరగతి

తూర్పు ఆసియాలో ప్రసార సాధనాలకు ప్రాధాన్యం హెచ్చు. కొరియాలో 1972లో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా రేడియో, తపాలా కళాశాల ఏర్పడింది. జపాన్ ప్రసార విశ్వవిద్యాలయం 1983లో స్థాపితమై 1985లో విద్యార్థులను చేర్చుకొన్నది. దానికి సొంత ప్రసార కేంద్రమే ఉన్నది. ఉద్యోగం కోసం కాక, తెలుసుకొనాలనే కోరికతో పాఠాలు వినే నడివయసువారు, వృద్ధులు అక్కడ అనేకులు. భూతల ప్రసారాలు 2018లో నిలిచిపోయి పాఠాలు ఉపగ్రహ ఛానళ్లకు మారినాయి.

చైనాలో బీజింగ్ మొదలైన నగరాలు 1960లోనే టెలివిజన్ విశ్వవిద్యాలయాలను ప్రారంభించాయి. సాంస్కృతిక విప్లవంలో, 1966లో, అవి మూతపడినాయి. ఒక తరం యువకులకు చదువు తెగిపోయింది. ఆ తరువాత నిపుణుల కొరత ఎంత తీవ్రమైనదంటే, సాధారణ విశ్వవిద్యాలయాలు తిరిగి తెరిచినా చాలలేదు. 1978లో డెంగ్ సియావోపింగ్ ఆమోదించిన కేంద్ర రేడియో, టెలివిజన్ విశ్వవిద్యాలయం 1979 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. తొలి దశలో ప్రవేశ పరీక్ష ఉండేది. చదువు ఇంట్లో ఒంటరిగా సాగేది కాదు. కర్మాగారమో, కార్యాలయమో ఒక గదిలో టెలివిజన్ పెట్టి, ఒక ట్యూటరును నియమించి, తమ సిబ్బందిని అక్కడ కూర్చోబెట్టేది. పని నుంచి వెసులుబాటు ఇచ్చేది, జీతం సాగేది. అది దూరవిద్యే గాని విద్యార్థులు గుంపుగా ఉన్నారు. చాలాకాలం అక్కడ లభించినది మూడేండ్ల డిప్లొమా స్థాయి చదువే. పూర్తి పట్టా ఇచ్చే అధికారం ఎంతో ఆలస్యంగా వచ్చింది.

యజమాని పాత్ర రష్యాలో చట్టంగానే మారింది. 'జావోచ్‌నోయె' విద్యార్థి సంవత్సరంలో నిర్ణీత కాలాలలో విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠాలు విని పరీక్షలు రాస్తాడు. ఆ రోజులకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని సోవియట్ కాలం నుంచి కార్మిక చట్టం చెబుతున్నది. నేటి రష్యా కార్మిక స్మృతిలోనూ ఆ నిబంధన ఉన్నది. మన దేశంలో పరీక్షల కోసం మేస్త్రీనో, మేనేజరునో సెలవుకు బతిమాలుకొనే విద్యార్థికి ఈ ఒక్క నిబంధన విలువ ఎవరూ వివరించనక్కరలేదు. విద్యాశాఖ రాసిన నియమాలే చాలవు, కార్మికశాఖ రాసిన నియమం కూడా సార్వత్రిక విద్యలో భాగమే.

ఇండోనేషియా 1984లో తన సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు వేలాది దీవులలోని పాఠశాలల ఉపాధ్యాయుల అర్హతలు పెంచడం ముఖ్య కర్తవ్యాలలో ఒకటి అయింది. టర్కీలో అనడోలు విశ్వవిద్యాలయపు సార్వత్రిక విభాగం 1982లో ఆరంభమై లక్షలాది విద్యార్థులకు పెరిగింది. జాతీయ ప్రవేశ పరీక్ష రాసి, ప్రాంగణాలలో సీటు దొరకని యువకులకు అది ఆశ్రయమైంది. బ్రిటన్‌లో రెండవ అవకాశం కోరి వచ్చిన పెద్దవారి విద్య, టర్కీలో మొదటి అవకాశం వెదకుతున్న పిన్నల విద్య అయింది. అమెరికాలో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటూ లేదు. చికాగో విశ్వవిద్యాలయం 1892లోనే తపాలా పాఠాలు మొదలుపెట్టినా, అక్కడ ఈ రంగం రాష్ట్ర విశ్వవిద్యాలయాల మధ్య, వ్యాపార సంస్థల మధ్య చీలిపోయింది. కెనడాలో 1970లో ఏర్పడిన అథబాస్కా విశ్వవిద్యాలయం మరొక తలుపు తెరిచింది. అక్కడ చాలా కోర్సులలో ఏ నెలలోనైనా చేరవచ్చు. విద్యా సంవత్సరం కోసం విద్యార్థి ఎదురుచూడనక్కరలేదు.

మన ఉపఖండంలో

దక్షిణాసియాలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1974లో ఇస్లామాబాద్‌లో వెలసింది. మొదట 'పీపుల్స్ ఓపెన్ యూనివర్సిటీ' అనేవారు. 1977లో అల్లామా ఇక్బాల్ పేరు పెట్టారు. అది విశ్వవిద్యాలయమే అయినా మెట్రిక్ స్థాయి నుంచి పాఠాలు చెబుతున్నది. మధ్యలో బడి మానేసిన ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఉన్నత పాఠశాల కోర్సులు నడిపింది. 1992లో ఏర్పడిన బంగ్లాదేశ్ ఉన్ముక్త విశ్వవిద్యాలయం కూడా తన సార్వత్రిక పాఠశాల ద్వారా ఉన్నత పాఠశాల, హయ్యర్ సెకండరీ పరీక్షలు నిర్వహిస్తున్నది. ఉన్నత విద్యకు అడ్డంకి చాలా కింద, పాఠశాలలోనే ఉన్నదని ఈ రెండు దేశాలు గుర్తించాయి. శ్రీలంకలో 1980లో కొలంబో సమీపాన నావల వద్ద స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంజనీరింగు, న్యాయశాస్త్రం వంటి విషయాలను దూరవిద్యలో బోధిస్తూ, ప్రయోగశాల తరగతులకు కేంద్రాలకు రప్పిస్తున్నది. నేపాల్ 2016లో తన సంస్థకు చట్టం చేసింది.

మన దేశంలో డి. ఎస్. కొఠారీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసు మీద 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులను ప్రారంభించింది. తరువాత రెండు దశాబ్దాలలో ఇవి అనేక విశ్వవిద్యాలయాలకు వ్యాపించాయి. ఆస్ట్రేలియా పద్ధతి పైకి ఇటువంటిదే. కాని అక్కడ ఒకే అధ్యాపకుడు ఇద్దరికీ బాధ్యుడు కాగా, ఇక్కడ చాలాచోట్ల కరస్పాండెన్స్ విభాగం పక్కింటి వ్యవహారమైంది. ఆ విభాగపు ఫీజులతో తక్కిన శాఖలను పోషించుకొంటున్నారని విద్యావేత్తలు చాలాకాలం నుంచి విమర్శిస్తూనే ఉన్నారు.

1982లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. అంతకు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న ఆచార్య జి. రామిరెడ్డి దీనికి తొలి ఉపకులపతి అయినారు. 1985లో పార్లమెంటు చట్టం చేయగా ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి దశకాలలో ఇంటర్మీడియట్ చదవనివారు అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరగలిగారు. కండక్టర్లు, గుమాస్తాలు, కానిస్టేబుళ్లు, పెళ్లితో చదువు ఆగిన గృహిణులు ఆదివారాలలో ఊరి కళాశాలలోని అధ్యయన కేంద్రానికి వెళ్లి తరగతులు విన్నారు. ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవి.

ఈ సంస్థ చేసిన మరొక పని అంతగా ప్రచారానికి రాలేదు. డిగ్రీ స్థాయి పాఠాలను తెలుగులో, ఉపాధ్యాయుడు ఎదుట లేని పాఠకుని కోసం రాయించవలసి వచ్చింది. తరగతి గది పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే చేయి ఎత్తి అడగవచ్చు. దూరవిద్య పుస్తకంలో ఆ వాక్యమే ఉపాధ్యాయుడు. అందుకనే ప్రతి పాఠానికి ముందు లక్ష్యాలు, మధ్యలో స్వయంగా సరిచూసుకొనే ప్రశ్నలు, చివర పదకోశం చేర్చే పద్ధతి వచ్చింది. పాఠం 'మీరు' అని విద్యార్థిని సంబోధిస్తుంది. అనువాదం వృత్తిగా గలవారికి ఇక్కడి కష్టం తెలుసు. హిందీ, తెలుగు రెండూ సంస్కృత పదాలను విరివిగా వాడుతాయి గనుక పని సులభమని తోస్తుంది. కాని హిందీ 'ఉపన్యాస్' తెలుగులో నవల, తెలుగు ఉపన్యాసం హిందీలో 'వ్యాఖ్యాన్', తెలుగు వ్యాఖ్యానం మరొకటి. అర్థశాస్త్ర పాఠంలో ఇటువంటి ఒక్క మాట జారితే, రాత్రి షిఫ్టు ముగించుకొని పుస్తకం తెరిచిన విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. అడగడానికి మనిషి లేడు.

భాష విషయంలో ఉపఖండానికి ఒక అరుదైన అవకాశం ఉన్నది. బెంగాలీలో పాఠాలు కోల్‌కతాలోని నేతాజీ సుభాష్ విశ్వవిద్యాలయమూ రాయిస్తున్నది, బంగ్లాదేశ్ విశ్వవిద్యాలయమూ రాయిస్తున్నది. తమిళ పాఠాలు చెన్నైలోను ఉన్నాయి, శ్రీలంకలోను ఉన్నాయి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే ప్రస్థానం మొదలుపెట్టింది; ఇస్లామాబాద్ పాఠాల భాష కూడా ఉర్దూయే. గణితానికి, రసాయనశాస్త్రానికి సరిహద్దు లేదు గనుక, కనీసం పారిభాషిక పదాలనైనా ఈ సంస్థలు ఇచ్చిపుచ్చుకొంటే అందరికీ శ్రమ తగ్గుతుంది.

బయటి తలుపు

ఇంతవరకు లోపలికి వచ్చే తలుపును గురించి చెప్పుకొన్నాము. బయటికి పోయే తలుపు కూడా ఒకటి ఉన్నది. చదువు పూర్తిచేసినవాని పట్టాను ఉద్యోగమిచ్చేవాడు ఆమోదిస్తాడా? మధ్యలో మానుకొనేవారి సంఖ్య సాధారణ కళాశాలల కంటే దూరవిద్యలో హెచ్చు అన్నది అన్ని దేశాల అనుభవం. ఆ వడపోతను దాటినవారికి కూడా ఆమోదం అన్నిచోట్లా ఒకే విధంగా లేదు. న్యాయశాస్త్రాన్నే చూడండి. లండన్ విశ్వవిద్యాలయపు బయటి పట్టాతో, దక్షిణాఫ్రికా తపాలా పట్టాతో తరతరాలుగా న్యాయవాదులు తయారైనారు. మన దేశంలో న్యాయశాస్త్ర పట్టాను దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు మొదలైనవీ అంతే. శ్రీలంకలో దూరవిద్య విద్యార్థి ఇంజనీరు కాగలడు. పాక్ జలసంధికి ఇవతల కాలేడు.

ఈ తేడా కాగితం మీది నియమం మాత్రమే కాదు, దాని కింద మనుషుల సంవత్సరాలు నలిగిపోయినాయి. మొదటి డిగ్రీ లేకుండానే వయసును బట్టి నేరుగా ఎం.ఏ.లో చేర్చుకొనే పద్ధతి మన దేశంలో కొన్నిచోట్ల ఉండేది. మొదటి డిగ్రీ లేని అటువంటి ఎం.ఏ. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం నిబంధనలకు విరుద్ధమని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 నవంబరులో మరొక తీర్పు వచ్చింది. తగిన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు అందులో చెల్లకుండా పోయినాయి. 2001 నుంచి 2005 వరకు చేరినవారికి మళ్లీ పరీక్ష రాసి నెగ్గే అవకాశం మాత్రం ఇచ్చారు. అప్పటికి వారిలో ఎందరో పదేండ్లకు పైగా ఉద్యోగాలలో ఉన్నారు. తప్పు అనుమతి లేని సంస్థది. పరీక్ష రాయవలసి వచ్చినది నడివయసు ఉద్యోగి.

పర్యవేక్షణ కూడా చేతులు మారింది. 1991లో ఏర్పడిన దూరవిద్యా మండలి 2013లో రద్దై, ఆ బాధ్యత గ్రాంట్ల సంఘానికి వచ్చింది. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్యలోను, ఆన్‌లైనులోను ఇచ్చే పట్టాలు సాధారణ పట్టాలతో సమానమని 2022 సెప్టెంబరులో ఆ సంఘం ప్రకటించింది. జెన్నీ లీ ఆరవ దశకంలో పట్టుబట్టిన సూత్రమే ఇది. ఇక్కడ ప్రకటనగా వచ్చింది. ప్రకటన కంటే ముందు ట్యూటరు దిద్దిన ఉత్తరం రావలసి ఉన్నది. అధ్యయన కేంద్రంలో అధ్యాపకుడు లేని ఆదివారాలు మిగిలి ఉన్నంతకాలం సమానత్వం కాగితం మీదనే ఉంటుంది.

ఇప్పుడు పాఠాలు సెల్‌ఫోనులోకి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' వేదిక 2017 నుంచి నడుస్తున్నది. తపాలా ఆలస్యం పోయింది. అయితే ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉంటే, ఇస్లామాబాద్ పాఠాల కోసం ఎదురుచూసిన ఆనాటి ఆడపిల్లకు, ఈనాటి చెల్లెలికి ఉన్న తేడా అంత పెద్దది కాదు.

ఈ సంచిక కళాశాల గ్రంథాలయాలకు చేరుతుంది గనుక ఒక ఆచరణ విషయం. దూరవిద్యలో చేరదలచినవారు విశ్వవిద్యాలయం పేరు చూసి తృప్తిపడరాదు. గ్రాంట్ల సంఘం దూరవిద్యా విభాగం గుర్తింపును సంస్థకే గాక ఒక్కొక్క కోర్సుకు, ఒక్కొక్క కాలానికి విడిగా ఇస్తుంది; ఆ జాబితాను బహిరంగంగా ప్రకటిస్తుంది. తాము చేరే సంవత్సరానికి తమ కోర్సు అందులో ఉన్నదో లేదో స్వయంగా చూసుకొనాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు సాధారణంగా ఆ రాష్ట్రమే ఎల్ల. ఫ్రాంచైజీ పేరుతో ప్రైవేటు కేంద్రాలకు బోధనను అప్పగించడం నిషిద్ధం. వీధి చివర బోర్డు పెట్టి 'హాజరు అక్కరలేదు, పట్టా గ్యారంటీ' అనేవారికి ఫీజు చెల్లించే ముందు ఆ జాబితా ఒకసారి తెరవాలి. గ్రంథాలయాధికారులు దానిని ప్రవేశాల కాలంలో నోటీసు బోర్డు మీద అంటించగలిగితే, అడగడానికి మొహమాటపడే విద్యార్థులకు కూడా కనబడుతుంది.